అవ్వ నడుముకు కట్టిన డబ్బా

తల్లి పడిపోయిన సంగతి కోడం హనుమంతుకు కరెంటు పోయాక తెలిసింది.

తొంభై ఒకటి ఎండాకాలంలో సిరిసిల్లలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పగలిగినవాడు లేడు. కోత వేళలని పేపర్లో వేసేవాళ్లు. ఆ వేళలకు ఉండేది, మిగతా వేళల్లో పోయేది. ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు షెడ్డులో నాలుగు సాంచలూ ఒక్క ఊపున నిలిచిపోయాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. పక్కింటి సాంచలూ, ఎదురింటివీ, వాడ వాడంతా నిలిచిపోయింది. అంత చప్పుడు ఒక్కసారిగా ఆగితే కాసేపు చెవుల్లో ఎవరో గాలి ఊదుతున్నట్టుంటుంది. హనుమంతు మెడ మీది తువ్వాలతో మొఖం మీది దూది నుసి తుడుచుకుని బీడీ కోసం వెతుక్కుంటున్నాడు. అప్పుడు గోడ అవతలి నుంచి మూలుగు వినబడింది. మొదట ఏ కుక్కపిల్లో అనుకున్నాడు.

శంకరవ్వ వంటింటి గడప దగ్గర పక్కకు ఒరిగి పడి ఉంది. కుడిచెయ్యి ఒంటి కింద మడతపడింది. పొయ్యి మీది అన్నం మాడి, పొయ్యి కూడా చల్లారిపోయింది.

"ఎప్పుడు పడ్డవే అవ్వా?"

"కోడలు బీడీలకు పోయినంక. నీళ్లు ముంచుకుందామని లేసిన."

నర్మద బీడీల కార్ఖానాకు పోయేది ఎనిమిదింటికి.

"పిలువకపోయినవ్."

"పిలిసిన కొడుకా. శానసేపు పిలిసిన. గొంతు ఎండితే ఊకున్న."

ఆ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. బావిలో నీళ్లు లేవన్నట్టు చెప్పింది. సాంచలు నడుస్తుంటే ఎవరు పిలిచినా ఎవరికీ వినబడదని ఆ వాడలో పుట్టిన పసిపిల్లలకు కూడా తెలుసు. షెడ్డులో పనిచేసేవాళ్లు చేతి సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. కానీ సైగ కనబడాలంటే మధ్యలో గోడ ఉండకూడదు. తల్లికీ కొడుక్కీ మధ్య ఆ మూడు గంటలూ ఉన్నది ఆరు గజాల దూరం, ఒక ఇటుక గోడ.

చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్లు కట్టే గంగయ్య వచ్చి వెదురు బద్దలు వేసి కట్టి, "నడుము గిట్ల ఇరిగి ఉంటె నాతోటి అయ్యేటిది కాదు. జర కనిపెట్టుకోని ఉండాలె" అని పోయాడు.

కనిపెట్టుకుని ఉండేది ఎవరు? ఆ సాయంత్రం నర్మద అదే అడిగింది.

"నన్ను బీడీలు మానెయ్యమంటవా?"

 సాంచల మీద వచ్చేది సాంచలకే పోతుంది. పొయ్యి మీదికి వచ్చేది నర్మద బీడీలతోనే.

"పోనీ పెద్దపల్లికి తోలుదమా?" అంది మళ్లీ నర్మదే.

పెద్దపల్లిలో హనుమంతు అక్క ఉంది. రెండేళ్ల కింద శంకరవ్వ అక్కడికి పోయి ఎనిమిది రోజులుండి తనే బస్సెక్కి తిరిగి వచ్చింది. అల్లుడు ఒక్క మాటా అనలేదట. అందుకే ఉండలేకపోయిందట. ఇప్పుడు మంచం మీద పడుకుని వింటూ, "నన్ను అటు ఇటు తోలకున్రి. ఈన్నే పడి ఉంట" అంది.

"పడుడే గద అత్తా మా ఫికరు," అంది నర్మద. ఆ మాటకు ముసలామె నవ్వింది. హనుమంతుకు నవ్వు రాలేదు.

హనుమంతుకు అప్పటికి నలభై రెండేళ్లు. చూసినవాళ్లు యాభై ఐదు అనేవాళ్లు. తండ్రి చేనేత మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు, ఆ గుంట లోంచి లేచింది పాడె ఎక్కడానికే. అరవై తొమ్మిదిలో, బస్సులు నడిస్తే నడిచినట్టు లేకపోతే లేనట్టు ఉన్న ఆ గడబిడ ఏడాదిలో, ఇరవై ఏళ్ల హనుమంతు మరమగ్గాల పనికి భీవండి పోయాడు. ఊళ్లో చదువుకున్న పిల్లలు ఉద్యోగాల కోసం రోడ్ల మీద కూర్చున్నారు. చదువుకోని పిల్లలు మూటలు కట్టుకుని రైలెక్కారు. వాళ్ల గురించి ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు.

భీవండిలో పద్నాలుగేళ్లు. ఒక్క గదిలో పన్నెండు మంది, ఆరుగురు పని మీద ఉంటే ఆరుగురు అదే చాపల మీద నిద్ర. అక్కడ అతను సాంచ నడపడం నేర్చి, తర్వాత సాంచకు రోగమొస్తే చూసే పని నేర్చాడు. ఆ పని చేసేవాణ్ని జాబర్ అంటారు. ఏ బోల్టు వదులైందో, ఏ పన్ను అరిగిందో చెయ్యి ఆనించి చెప్పేవాడు. చెవితో చెప్పడం కొన్నాళ్లకే పోయింది. కుడి చెవి దాదాపు భీవండిలోనే వదిలేసి వచ్చాడు. తండ్రి పోయిన ఏడాది అక్కడి సేట్లు పాత ఇనుముకు వేసిన నాలుగు సాంచలు కొని, లారీలో వేసుకుని సిరిసిల్లలో దిగాడు. అక్కడ పనికిరావని పారేసినవి ఇక్కడ అతనికి జీవనాధారమయ్యాయి. నేసేది లంగాల గుడ్డ. నూలు సేటుది, గుడ్డ సేటుది, సాంచలూ నడుమునొప్పీ హనుమంతువి.

తల్లి మంచం మీద ఉన్న ఆ నెల రోజులూ అతను సాంచల దగ్గర నిలబడి ఒకటే ఆలోచించాడు. సాంచ మీద అడ్డంగా పోయే దారం తెగితే, ఆ దారాన్ని ఆనుకుని ఉండే చిన్న ఇనుప ముల్లు కిందికి జారుతుంది. ముల్లు జారితే పిడి తప్పుతుంది. పిడి తప్పితే సాంచ ఆగుతుంది. వెంట్రుక మందం దారం తెగిన సంగతి అంత ఇనుముకూ తెలిసిపోతుంది.

బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసే బుచ్చిరాములు అతనికి వరసకు బావ. ఒక మధ్యాహ్నం కరెంటు లేనప్పుడు పోయి అతని ముందు కూర్చున్నాడు.

"దారం తెగితే సాంచకు ఎరుకైతది బావా. మా అవ్వ పడితే నాకు ఎరుక గాలే."

"గంతేనా. నడుముకు ఒక బెల్లు గడుదం. పడ్డదంటె మోగుతది."

"బెల్లు ఎవలు వింటరు? నేను వింటనా?"

బుచ్చిరాములు అతని కుడి చెవి వైపు చూసి, "గదీ నిజమే" అన్నాడు. "మరి లైటు పెడుదం. ఎర్ర లైటు."

"నా కండ్లు గుడ్డ మీదుంటయి. లైటు మీద ఉండయి."

"చెవులు లేవు, కండ్లు లేవు. నీకు చెప్పుడెట్లనయ్యా ఇగ?"

"కరెంటు తీసేస్త," అన్నాడు హనుమంతు. "కరెంటు పోతెనే గద మొన్న తెలిసింది. అవ్వ పడితే షెడ్డుకు కరెంటు పోవాలె."

బుచ్చిరాములు చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఉన్న కోతలు సాలయా నీకు?" అన్నాడు. కానీ ఆ పూటే పని మొదలుపెట్టాడు.

పది రోజులు పట్టింది. ఖాళీ జర్దా డబ్బాలో సైకిలు బేరింగు గుండు ఒకటి వేశారు. డబ్బా అడుగున చిన్న గుంట చేసి గుండు అందులో కూర్చునేలా పెట్టారు. మనిషి నిలబడి ఉన్నా కూర్చుని ఉన్నా గుండు గుంటలో ఉంటుంది. మనిషి ఒరిగి పడితే గుండు దొర్లి పైన ఉన్న రెండు మొలలను తాకుతుంది. వంటింటి నుంచి పెరటి దాకా తలకు తగలనంత ఎత్తులో రెండు రాగి తీగలు లాగి, వాటి మీద జారే రెండు ఉంగరాల నుంచి వైరు కిందికి దింపి డబ్బాకు కట్టారు. నాలుగు టార్చిలైటు సెల్లులు. పాత బెల్లులోంచి తీసిన అయస్కాంతపు చుట్ట. షెడ్డులో మెయిను స్విచ్చు పిడికి రెండు కిలోల తూకపు బాటు వేలాడదీసి, దాన్ని ఒక కొక్కెం మీద ఆపారు. గుండు మొలలను తాకితే చుట్ట కొక్కేన్ని లాగుతుంది, బాటు పడుతుంది, స్విచ్చు దిగుతుంది, నాలుగు సాంచలూ ఆగుతాయి.

ఎలా పడితే ఎంత ఒరుగుతుందో చూడాలి. హనుమంతు దూది చెత్త సంచులు పరిచి, డబ్బా తన నడుముకు కట్టుకున్నాడు.

"ఎట్ల పడ్డవో జర చెప్పవే అవ్వా."

"పడ్డోళ్లకు ఎట్ల పడ్డరో ఎట్ల తెలుస్తది? లేసినంక తెలుస్తది పడ్డమని."

దాంతో అతనే పడ్డాడు. ముందుకు పడ్డాడు, వెనక్కి పడ్డాడు, రెండు పక్కలకూ పడ్డాడు. కాలు జారినట్టు పడ్డాడు, కళ్లు తిరిగినట్టు పడ్డాడు. పడ్డ ప్రతిసారీ బాటు ధన్‌మని దిగింది. వాకిట్లో పదిమంది చేరారు. నలభై రెండేళ్ల మనిషి మొఖంలో నవ్వు లేకుండా లేవడం, పడటం, మళ్లీ లేవడం వాళ్లు అంతకు ముందు చూడలేదు.

"సారా తాగకనే ఇన్నిసార్లు పడ్డోణ్ని నిన్నే సూసిన," అన్నాడు పక్కింటి కొండల్. తర్వాత శంకరవ్వ నడుముకు డబ్బా కట్టి, వైరు ఉంగరాలకు తగిలించినప్పుడు, "వేములాడ రాజన్నకు కోడెను గట్టినట్టు గట్టినవ్ గద అవ్వను," అన్నాడు.

"కోడెకు నయం," అంది శంకరవ్వ. "దండం వెట్టి ఇడిసిపెడ్తరు."

నవ్విందే గానీ ఆమెకు అది ఇష్టం లేదని నర్మద గమనించింది. ఎక్కడికి పోయినా నెత్తి మీద ఉంగరాలు చిర్రుమంటూ వెంట వచ్చేవి. మొదటి వారాలు నరకమే అయ్యాయి. చీపురు పుల్ల తీయడానికి వంగితే సాంచలు ఆగేవి. పొయ్యి ఊదితే ఆగేవి. డబ్బా విప్పడం మరిచి పగటిపూట నడుం వాలిస్తే ఆగేవి. సాంచ నేత నడుమ ఉన్నట్టుండి ఆగితే, దారాన్ని అటూ ఇటూ మోసే నాడె దారాల మధ్య చిక్కుతుంది, పోగులు పదులకు పదులు తెగుతాయి. నాలుగు సాంచల మీద పోగులు అతికేసరికి గంట పోయేది. హనుమంతు పరుగెత్తి వచ్చేసరికి ముసలామె చీపురు పుల్ల పట్టుకుని దొంగలా నిలబడి ఉండేది.

"నేను పడలే కొడుకా. వంగిన."

"సరే తియ్యి."

అతను గుంట లోతు చేశాడు, మళ్లీ లోతు చేశాడు. చివరికి పూర్తిగా ఒరిగితేనే గుండు దొర్లేలా కుదిరింది. సాంచలు ఆగితే అది ఊరి కరెంటు కోతో, తల్లి పడటమో తెలుసుకునే ఉపాయం కూడా కుదిరింది. కొండల్ సాంచలు కూడా ఆగితే కోత. కొండల్వి నడుస్తూ ఉంటే అవ్వ. ఆ చప్పుడు గోడ మీద చెయ్యి ఆనిస్తే తెలిసేది.

శ్రావణంలో ఒక తడి పొద్దున బాటు పడింది. హనుమంతు గోడ మీద చెయ్యి పెట్టాడు. గోడ అదురుతోంది. పెరట్లోకి పరుగెత్తాడు. బట్టలుతికే బండ దగ్గర నాచు మీద జారి శంకరవ్వ వెల్లకిలా పడి ఉంది. ఆకాశం వైపు చూస్తోంది. ఆమె ఇంకా పిలవనే లేదు, అంతలోనే కొడుకు వచ్చి నిలబడ్డాడు.

"అప్పుడే వస్తివా," అంది.

ఎక్కడా ఏమీ విరగలేదు. లేపి కూర్చోబెట్టి మోచేతికి పసుపు రాశాడు. ఆ సంగతి రెండు రోజుల్లో వాడలన్నీ తిరిగింది. జనం వచ్చి డబ్బాను చూసి పోయారు. ఒకాయన ఇలాంటిది తన తండ్రికీ చేసి ఇమ్మని అడిగాడు. సర్కారు నౌకర్లకు తెలిస్తే ఫోటో తీసుకుపోతారని బుచ్చిరాములు అన్నాడు. ఎవరూ రాలేదు. వచ్చేవాళ్లు కరెంటు బిల్లుల వాళ్లే. అయినా హనుమంతు ఆ వారం రోజులూ భీవండి నుంచి వచ్చాక ఎన్నడూ నిద్రపోనంత నిద్రపోయాడు.

అంతకు ముందు అతనికి ఒక అలవాటు ఉండేది. తల్లి చెయ్యి విరిగిన నాటి నుంచి, నాడెలో దారం చుట్టిన కండె అయిపోయి కొత్తది వేసిన ప్రతిసారీ రెండడుగులు వేసి తలుపులోంచి వంటింట్లోకి తొంగి చూసేవాడు. ఆమె కనబడితే వెనక్కి తిరిగేవాడు. శ్రావణం తర్వాత ఆ అలవాటు పోయింది. చూడాల్సిన పని లేదు. సాంచలు నడుస్తున్నాయంటే అవ్వ నిలబడో కూర్చునో ఉన్నట్టే. అతను ఇప్పుడు తల్లిని సాంచల్లోనే చూస్తున్నాడు.

దసరా దగ్గరపడుతుండగా సేటు గుమస్తా రామచంద్రం వచ్చాడు. గుడ్డ తాను విప్పి వెలుతురుకు పట్టి, వేలితో చూపించాడు. సాంచ ఆగి మళ్లీ నడిచిన ప్రతిచోటా గుడ్డకు అడ్డంగా సన్నని గీత పడుతుంది. తానులో అవి పదిహేను దాకా ఉన్నాయి.

"ఏం హనుమంతు, గీతల పుస్తకం నేసినవా?"

"కోతలు గద సార్."

"కోతలు ఊరందరికీ ఉన్నయి. గీతలు నీకే ఎక్కువున్నయి. మీ అవ్వ పడ్డప్పుడల్లా మా సేటుకు ఒక గీతనా? ఇవి రెండో రకంల వోతయి. వచ్చే తాన్లు గిట్లనే ఉంటె నూలు ఇంకోళ్లకు ఇస్తడట. నేను అంటలే, సేటు అంటుండు."

హనుమంతు చేతులు కట్టుకుని విన్నాడు. గుమస్తా పోయాక అన్నానికి కూర్చుని, కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. ఆ రోజు శంకరవ్వ డబ్బాతోనే కునుకు తీసి మధ్యాహ్నం ఒకసారి బాటు పడేలా చేసింది.

"నువ్వు పన్నా లేసినా గుడ్డ మీద గీత పడుతదే అవ్వా," అన్నాడు. "మంచిగ నేసినోణ్ని, ఇప్పుడు రెండో రకపోణ్ని అయిన. ఈ భీము ఒక్కటి గీత లేకుండ ఒడవాలె. లేకుంటె నూలు గూడ రాదు."

అతను గట్టిగా అనలేదు. అలసిపోయిన మనిషి అన్నట్టే అన్నాడు. శంకరవ్వ తన పళ్లెంలోని మెతుకులు ఏరుకుంది. చేనేత రోజుల్లో ఆమె కండెలు చుట్టిన చేత్తోనే పదిమందిని సాకింది. నడిచే మగ్గాన్ని ఆపమని ఎవరికీ చెప్పి ఎరగదు. హనుమంతు పుట్టిన రోజు కూడా నొప్పులు వస్తుంటే మొగుడి మగ్గం మీది బారెడు గుడ్డ అయిపోయే దాకా చెప్పలేదని వాళ్లింట్లో ఒక కథ ఉంది. దాన్ని గొప్పగానే చెప్పుకునేవాళ్లు.

భీము ఒడిచే రోజు వచ్చింది. అంటే రోలరుకు చుట్టిన నిలువు దారం ఆ రోజుతో అయిపోతుంది, తాను దిగుతుంది. హనుమంతు ఆరింటికే షెడ్డులోకి పోయాడు. నర్మద ఎనిమిదింటికి బీడీలకు పోయింది. ఆ రోజు కరెంటు పోలేదు. అలాంటి రోజు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. తొమ్మిదైంది, పదైంది, పన్నెండైంది, సాంచలు ఒక్కసారి కూడా ఆగలేదు. గుడ్డ పాల మీగడలా రోలరు మీదికి చుట్టుకుంటోంది. హనుమంతు ఒకటి రెండుసార్లు మెయిను స్విచ్చు వైపు చూశాడు. బాటు కొక్కెం మీద కదలకుండా ఉంది. అవ్వ ఇవాళ మంచిగుంది అనుకున్నాడు. ఆకలి వేసినా పోలేదు.

రెండింటికి నర్మద వచ్చింది. షెడ్డు తలుపులో నిలబడి సైగ చేయకుండా నేరుగా పోయి మెయిను స్విచ్చు కిందికి లాగింది. నాలుగు సాంచలూ ఆగాయి. నాడె చిక్కి పోగులు పటపటా తెగాయి. హనుమంతు కోపంతో తిరిగి ఆమె మొఖం చూసి, వంటింటి వైపు పరుగెత్తాడు.

శంకరవ్వ నీళ్ల కుండల పక్కన గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఒక కాలు చాపి ఉంది. రెండోది పక్కకు, కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. చెంబు దొర్లి పోయి పొయ్యి దగ్గర ఆగింది. ఆమె తల వాల్చలేదు. పెదవులు తెల్లబడ్డాయి. కుడిచెయ్యి నడుము దగ్గర డబ్బా మీద ఉంది.

హనుమంతు చెయ్యి మొదట డబ్బా మీదికే పోయింది. అది పనిచెయ్యలేదా, వైరు తెగిందా, సెల్లులు అయిపోయాయా?

"డబ్బా సంగతి తర్వాత సూద్దువు," అంది నర్మద. "మనిషిని సూడు ముందు."

ఆమె వేళ్లు డబ్బా చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటీ విడదీయాల్సి వచ్చింది. చివరి వేలు వదలగానే, వదులైన కట్టులో డబ్బా పూర్తిగా ఒరిగింది. షెడ్డులో కొక్కెం తప్పి బాటు ధన్‌మంది. డబ్బాకు ఏ రోగమూ లేదు.

"అది మంచిగనే ఉన్నది కొడుకా," అంది శంకరవ్వ. "ఒరుగుతదేమోనని నేనే పట్టుకున్న."

హనుమంతు తన కుడి చెవి ఆమె వైపు ఉండేలా కూర్చుని ఉన్నాడు. సరిగా వినబడక కాదు, నమ్మలేక మళ్లీ అడిగాడు.

"ఏందే?"

"చెంబు ముంచుకుంటుంటె తుంటి కలుక్కుమన్నది. గోడ పట్టుకోని మెల్లగ జారిన. పడలే, జారిన. కూసున్నంక లేవరాలే."

"ఎప్పుడు?"

"కోడలు పోయిన జరసేపటికి."

"మరి డబ్బా ఒంపకపోయినవ్? ఒక్కసారి ఒంపితె వస్తుంటి గద."

"భీము ఒడుస్తున్నదంటివి గద. గీత పడొద్దంటివి." కాసేపు ఊపిరి తీసుకుంది. "మద్దెమద్దెల కండ్లు మూతలు పడుతుండె. ఒరిగితె సాంచలాగుతయి. అందుకని పట్టుకోని కూసున్న. ఒడిసిందా?"

నర్మద అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. హనుమంతు "ఒడిసింది" అన్నాడు. ఇంకా గజంన్నర ఉంది.

మంచాన్ని నలుగురు మోసి జీపులో ఎక్కించి కరీంనగర్ తీసుకుపోయారు. పెద్ద డాక్టరు తుంటి ఎముక విరిగిందన్నాడు. ఎప్పుడు పడిందని అడిగాడు. హనుమంతు పొద్దున అన్నాడు.

"తెచ్చింది సాయంత్రం. అప్పటి దాకా ఇంట్లో ఎవరూ లేరా?"

"నేనున్న సార్."

డాక్టరు కాగితం మీది నుంచి కళ్లెత్తి అతన్ని చూశాడు. ఆ చూపుకు జవాబు చెప్పాలంటే సాంచ గురించి, నాడె గురించి, గీత గురించి, గుమస్తా గురించి, డబ్బా గురించి చెప్పాలి. డాక్టరు వెనక ఇంకా ముప్పై మంది నిలబడి ఉన్నారు. హనుమంతు కాగితం అందుకుని పక్కకు జరిగాడు.

కాలికి బరువు వేలాడదీసి నెలన్నర ఉంచారు. ఇంటికి తెచ్చేసరికి శంకరవ్వ పట్టుకుని లేపితే కూర్చునేది. నిలబడటం మాత్రం అయిపోయింది. దసరా పోయింది, దీపావళి పోయింది. ఆ తానును రామచంద్రం మొదటి రకం కిందే రాసుకున్నాడు. చివరి గజంన్నర దగ్గర ఉన్న ఒక్క గీతను అతను చూసీ చూడనట్టు మడిచాడు. మంచివాడు కావడం వల్ల కాదు. ఆ రోజు అతనికి ఇంకో వాడకు పోయే తొందర ఉంది.

బుచ్చిరాములు వచ్చి మంచం పక్కన కూర్చుని డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జారితె గూడ తెలిసేటట్టు చేద్దం బావా. రొమ్ము మీద ఒకటి, మోకాలి మీద ఒకటి. ఎంతసేపు కదలకుంటె గంతసేపటికి..."

"దానికి ఎరుకయ్యేటట్టు చేస్తవు," అన్నాడు హనుమంతు. "ఆమె చెప్పనియ్యకుంటె ఏం జేత్తవ్?"

బుచ్చిరాములు డబ్బాను కింద పెట్టాడు. హనుమంతు రాగి తీగలు దించి చుట్ట చుట్టాడు. తూకపు బాటును నర్మద పచ్చడి జాడీ మీద బరువుకు పెట్టుకుంది.

నాలుగు సాంచల్లో తలుపు దగ్గరి రెండింటినీ హనుమంతు విప్పి కొండల్‌కు ఇచ్చేశాడు. ఆ జాగాలో మంచం వేశాడు. తల్లి చెవుల్లో దూది పెట్టాడు. ఆమె పీకి పారేసింది. నుసి పడకుండా మంచం చుట్టూ పాత లంగాల గుడ్డ కట్టాడు. కనబడటం లేదని ఆమె దాన్ని కూడా పక్కకు లాగేసింది. సేటుకు పోయే గుడ్డ సగమైంది. ఎందుకు సగమైందని రామచంద్రం అడిగాడు. సాంచలు పాతవైనయి సార్ అన్నాడు హనుమంతు. బీడీల కార్ఖానాలో నర్మద ఇంకో అర పూట కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె వేళ్లు సాయంత్రానికి ముడుచుకుపోయి ఉండేవి. ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అనడానికి ఓపిక ఉండాలి.

రెండు సాంచల చప్పుడు కూడా తక్కువేమీ కాదు. శంకరవ్వకు సైగలు రావు. చేనేత మనిషి, నోటితో మాట్లాడుకుంటూ పనిచేసిన మనిషి. డెబ్బై ఏళ్లకు కొత్త భాష నేర్చుకోవాల్సి వచ్చింది. నీళ్లకు బొటనవేలు, పక్కకు తిప్పడానికి అరచెయ్యి, నొప్పికి పిడికిలి. పిడికిలి ఆమె ఎన్నడూ చూపించలేదు. అందుకే హనుమంతు ఆమె చేతిని నమ్మేవాడు కాదు. కండె మార్చిన ప్రతిసారీ తల తిప్పి మొఖం చూసేవాడు. పెదవుల రంగు చూసేవాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయేమో చూసేవాడు. చూసినంతసేపూ వెనక గుడ్డ మీద ఏదో ఒకటి తప్పుతూనే ఉండేది.

ఒక పొద్దున ఆమెకు విసుగు పుట్టింది. చెయ్యెత్తి రమ్మంది. అతను వంగి ఎడమ చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"ఎందుకట్ల మాటిమాటికి సూస్తవ్ రా? సాంచ దిక్కు సూడు."

హనుమంతు సాంచ దగ్గరికి పోయాడు. కండె తీసి కొత్తది వేశాడు. నాడె వదిలాడు. తర్వాత తల తిప్పి ఆమె వైపు చూశాడు.